వినరాని నాదము – అతుకని యెముక

గాజులరామారము నుండి మాకొక లేఖ వచ్చినది. వ్రాసినవారు పండితులు కారు. ఇరువది యేండ్ల క్రిందట పాలమూరు జిల్లాలోని పల్లెను విడిచి, పొట్ట చేతబట్టుకొని నగరమునకు వచ్చి, జీడిమెట్ల పారిశ్రామికవాడలో నొక చిన్న షెడ్డునందు లేతు మిషను నడుపుచు సంసారము నీడ్చుకొని వచ్చుచున్న కార్మికులు. వారి కుమారుడును అట్టి పనికే కుదిరినాడు. ఇనుప దిమ్మె జారి మీదపడి ఆ యువకుని మోకాలి క్రింది పెద్ద యెముక రెండు తునుకలైనది. శస్త్రచికిత్స జరిగినది, లోన కడ్డీ వేసినారు, తొమ్మిది మాసములు గడచినవి, ఎముక యింకను అతుకలేదు.

ఇప్పుడొక వైద్యశాలవారు ఆ కుటుంబమునకు క్రొత్త యాస చూపినారట. ఆ వైద్యశాల పేరు లేఖలో లేదు; ఉన్నను మేము ప్రకటింపము. “అల్ట్రాసౌండు శబ్దముతో ఎముకలోని కణములను మేల్కొల్పెదము, తోడుగా మూలకణముల సూది వేసెదము, ముప్పది సిట్టింగులలో ఎముక అతుకును, సొమ్ము మాత్రము ముందుగా కట్టవలెను” అని వారు చెప్పిరట. లేఖలోని తుదివాక్య మిది: “అయ్యా, ఇల్లు కుదువబెట్టి యీ వైద్యము చేయింపుమందురా, వలదందురా?”

ఒక్కమాటలో “వలదు” అని బదులు వ్రాసి మే మూరకుండవచ్చును. కాని యట్లు చేసినచో సత్యములో సగమే చెప్పినవార మగుదుము. అతిధ్వని తరంగములు జీవకణములను ప్రేరేపింపగలవనుట కల్ల కాదు. దానిపై నలువది యేండ్లకు మించి ప్రపంచమున శ్రద్ధగా పరిశోధన జరుగుచున్నది. కల్ల యున్నది వేరొకచోట: పరిశోధనాలయములో నింకను పరీక్షింపబడుచున్న దానిని బజారులో సిద్ధౌషధముగా నమ్మజూపుట యందు. పూర్తిగా అబద్ధమైన మాటను సామాన్యుడు పసిగట్టగలడు. సగము నిజమైన మాటయే అతని యింటిని తాకట్టు పెట్టించును. కావున ఈ విషయమును మొదటినుండి తుదివరకు పాఠక మహాశయుల యెదుట నుంచుట మా ధర్మమని తలంచితిమి.

అతిధ్వని యననేమి?

మానవుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను మాత్రమే వినగలదు. అంతకు మించిన కంపనములు గల శబ్దమును మన పాఠ్యగ్రంథములలో అతిధ్వని యనుచున్నారు. జనులు అల్ట్రాసౌండనియే పిలుచుచున్నారు. 1880లో పారిసు నగరమున పియేరు క్యూరీ, జాక్ క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినపుడు వాని ముఖములపై విద్యుత్తు పుట్టుచున్నదని కనుగొనిరి. దానికి విలోమముగా, విద్యుత్తు నిచ్చినచో స్ఫటికము కంపించును. ఈ ధర్మము నాధారము చేసికొని, మొదటి ప్రపంచసంగ్రామ కాలమున పాల్ లాంజెవిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సముద్రగర్భమున జలాంతర్గాముల జాడ తీయుటకై అతిధ్వనిని పుట్టించెను. ఆ తరంగముల దారిలో పడిన చేపలు చచ్చుటయు, నీటిలో నుంచిన చేతికి నొప్పి కలుగుటయు ఆయనయే గమనించెను. 1927లో అమెరికాలో వుడ్, లూమిస్ అను నిరువురు బలమైన అతిధ్వనిచే రక్తకణములు పగిలిపోవుననియు, చిన్న జలచరములు మరణించుననియు ప్రకటించిరి. ఈ శబ్దము జీవకణముల యెడ ఉదాసీనముగా నుండదను సంగతి దాని బాల్యముననే తెలిసినదన్నమాట. అది బలముగా తాకిన చంపును. మెల్లగా తాకిన నేమి చేయును? ఈ రెండవ ప్రశ్న శాస్త్రజ్ఞులకు చాలకాలమునకు గాని తట్టలేదు.

ఈ శాస్త్రము మనకు పరాయిది కాదని యిచ్చట చెప్పుకొనుట యవసరము. అతిధ్వని తరంగములు ద్రవమున వ్యాపించునపుడు దానిగుండ పోవు కాంతి యెట్లు చీలిపోవునో 1935, 1936 సంవత్సరములలో గణితముతో నిరూపించినవారు సర్ చంద్రశేఖర వేంకటరామన్, నాగేంద్రనాథ్ గారలు. రామన్–నాథ్ సిద్ధాంతమను పేర అది నేటికిని ప్రపంచమంతట పాఠ్యాంశముగా నున్నది. రామన్ గారి శిష్యులును, కృష్ణాజిల్లా ఆగిరిపల్లెలో 1909లో జన్మించినవారును అగు సూరి భగవంతము గారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున అతిధ్వనులపై నొక పరిశోధకబృందమును తీర్చిదిద్దిరి. 1940లలో ఆయనయు భీమసేనాచారి గారును అతిధ్వని సహాయమున వజ్రముయొక్క స్థితిస్థాపకతను కొలిచి లోకమునకు తెలిపిరి. తరువాత భగవంతము గారు హైదరాబాదునకు వచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా పనిచేసిరి. పరాయిపాలనలో, చాలీచాలని సాధనములతో, వజ్రమంతటి కఠినపదార్థమునే ఈ నాదముతో తూచిన తెలుగువారికి మెత్తని జీవకణమును తూచుట యసాధ్యమని మేము నమ్మజాలము.

కణములు, పందిరి, ప్రేరణ

దేహములో చెడిన భాగమునకు మారుగా సజీవమైన క్రొత్తభాగమును నిర్మించు విద్యను కణజాల నిర్మాణశాస్త్ర మనుచున్నారు. దీనికి మూడు వస్తువులు కావలెను. మొదటిది కణములు: దేహములో ననేక రూపములు దాల్పగల మూలకణములు గాని, ఆయా యంగములకు సహజమైన కణములు గాని. రెండవది ఆ కణములు నిలిచి పెరుగుటకు తగిన పందిరి. బీరతీగకు పందిరి యెట్టిదో కణములకు ఈ యల్లిక యట్టిది. తీగ పెరిగినకొలది పందిరి కరగిపోయి, తీగయే తన కాళ్ళపై నిలువవలెను. మూడవది ప్రేరణ: “నీవు ఎముకవు కమ్ము, నీవు మృదులాస్థివి కమ్ము” అని కణమునకు తెలుపు సంజ్ఞ.

ముక్కు తెగినవారికి చెక్కిలి చర్మముతో క్రొత్త ముక్కును కూర్చు విధానము సుశ్రుతసంహితలో వర్ణింపబడియున్నది. ఈ మాట చెప్పుకొని గర్వించుటకు మనకు హక్కు కలదు. కాని గర్వించుటతో సరిపుచ్చుకొనుటకు హక్కు లేదు. పూర్వుల కీర్తి మనకు మూలధనమే; దానిని తిని కూర్చున్న కొండయైన తరుగును.

ఆ మూలధనమును పెంచినవారు మన నగరముననే యున్నారు. 1987లో స్థాపితమైన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ కథ వినుడు. సున్నము గాని, యాసిడు గాని కంట పడినపుడు నల్లగ్రుడ్డు అంచున నుండు మూలకణములు నశించి చూపు పోవును. సున్నపు పొట్లముతో నాడుకొను పసిపిల్లలకును, కర్మాగారములలో పనిచేయువారికిని ఈ యాపద యెక్కువ. 2001 మొదలు ఆ సంస్థలో ఆరోగ్యముగా నున్న కంటినుండి స్వల్పభాగము తీసి, ప్రయోగశాలలో దానిని పొరగా పెంచి, చెడిన కంటికి అతికించు చికిత్స జరుగసాగెను. ఫలితము మంచిదే, కాని ఖరీదైన ప్రయోగశాల కావలెను. 2010లో వీరేందర్ సంగ్వాన్, సాయన్ బసు గారలును వారి సహచరులును మరియొక త్రోవ కనుగొనిరి. రెండు మిల్లీమీటర్ల ముక్కను తీసి, దానిని ఎనిమిది పది కణికలుగా తరిగి, ఉల్బపు పొరపై పరచి, రోగి కంటిమీదనే పెరుగనిచ్చిరి. రోగి కన్నే ప్రయోగశాల యైనది. 2012లో ప్రకటితమైన ఈ పద్ధతిని నేడు పెక్కుదేశముల వైద్యు లనుసరించుచున్నారు. 2022లో ఆ సంస్థయు, హైదరాబాదు ఐఐటీయు, సీసీఎంబీయు కలిసి, మనుష్యుల కార్నియా పదార్థముతో క్రొత్త కార్నియాను ముద్రించి కుందేలు కంటిలో నమర్చి పరీక్షించినవి.

ఈ వృత్తాంతమును విస్తరించి చెప్పుటకు కారణము కలదు. ఈ విద్యలో మనము సాధించిన గొప్ప విజయము ఖర్చును పెంచుటచే రాలేదు, తగ్గించుటచే వచ్చినది. పేదవాని కంటికి సరిపోవు పద్ధతిని వెదకగా ధనవంతుల దేశములకును పనికివచ్చు పద్ధతి దొరకినది. అతిధ్వని విషయమున మా యాస కిదియే పునాది. కణమునకు సంజ్ఞ నిచ్చుటకు నేడు వాడుచున్న వృద్ధికారక ప్రోటీనులు మిక్కిలి ఖరీదైనవి, చల్లగా నిలువచేయవలెను, మోతాదు మించిన నెముక పెరుగరాని చోట పెరుగును. ఆ సంజ్ఞలో కొంత భాగమునైన ఒక స్ఫటికపు బిళ్ళయు, చిన్న విద్యుత్ పరికరమును ఇయ్యగలిగినచో, ఆ విద్య గాజులరామారము వంటి బస్తీల వాకిటికి వచ్చుటకు వీలగును.

కణమునకు శబ్ద మెట్లు తెలియును?

కణమునకు చెవులు లేవు, స్పర్శ కలదు. ఎముక తనపై పడు భారమునకు తగినట్లు తన్ను తాను దిద్దుకొనునని జర్మనుదేశపు వైద్యుడు జూలియస్ వూల్ఫ్ 1892లో సిద్ధాంతము చేసెను. బరువులు మోయు కూలివాని యెముక దిట్టమగుటయు, మంచము పట్టినవాని యెముక పలుచనగుటయు మనకు తెలిసినదే. 1957లో జపానుదేశమున ఫుకాడా, యాసుడా అను శాస్త్రజ్ఞులు ఎముక సైతము స్ఫటికము వలె నొత్తిడికి విద్యుత్తును పుట్టించునని చూపిరి. 2010లో ఆర్డెమ్ పటపూటియన్ బృందము కణపు పొరలో నొత్తిడి తగిలినపుడు తెరచుకొను ద్వారముల వంటి ప్రోటీనులను కనుగొని, వానికి “పియెజో” అని పేరిడెను. నొక్కుట యను నర్థముగల ఆ గ్రీకు మాటయే క్యూరీ సోదరుల స్ఫటికధర్మమునకును పేరైనది. 2021లో పటపూటియన్ గారికి డేవిడ్ జూలియస్ గారితో కలిపి నోబెలు బహుమాన మీయబడెను.

అతిధ్వని తరంగము కణమును తాకినపుడు సూక్ష్మమైన ఒత్తిడి, సడలింపు సెకనుకు లక్షల పర్యాయములు కలుగుచుండును. చుట్టునున్న ద్రవములో సన్నని ప్రవాహములు పుట్టును. కణము పందిరిని పట్టుకొనియున్న తావులు లాగబడును. పియెజో వంటి ద్వారములు తెరచుకొనును. కాల్షియము లోనికి ప్రవేశించును. అచ్చటినుండి కణగర్భమువరకు వార్త పోవును. ఎముక కణములలో ప్రోస్టాగ్లాండిను మున్నగు పదార్థములు హెచ్చుటను ప్రయోగశాలలలో చూచినారు. నడక భారము లేక పడియున్న యెముకకు నడచుచున్నట్లు భ్రమ కల్పించుటవంటిది ఈ ప్రక్రియ యని చెప్పవచ్చును.

మరియొక మేలును కలదు. దేహములో సామాన్యముగా కణము రక్తనాళమునకు మిల్లీమీటరులో పదవవంతు, అయిదవవంతు దూరమునకు మించి యుండజాలదు. ఉన్నచో నాహారము, ప్రాణవాయువు అందక చచ్చును. ప్రయోగశాలలో మందమైన పందిరిపై కణములను పెంచువారికి ఇదియే పెద్ద చిక్కు. పై కణములు బ్రదుకును, నడిమి కణములు చచ్చును. అతిధ్వని పుట్టించు సన్నని ప్రవాహములు పోషకద్రవమును లోనికి తోయుట కుపకరింపవచ్చునని ఈ శాస్త్రజ్ఞుల యాశయము. 2007లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయమున అనురాధా సుబ్రహ్మణ్యన్ గారి బృందము కైటోసాన్ పందిరిపై మృదులాస్థి కణములను పెంచుచు, విరామములతో అతిధ్వనిని తగిలించి, ఆ కణముల వృద్ధిని, అవి స్రవించు పదార్థమును పరీక్షించి అనుకూల ఫలితములను ప్రకటించినది. కైటోసాను దేనినుండి వచ్చునో పాఠకు లెరుగుదురా? రొయ్యల పెంకులనుండి! దేశములో నెల్లర కంటె నెక్కువ రొయ్యలను పెంచునది ఆంధ్రతీరము. మనము పెంటగా పారవేయు పెంకు పరదేశపు ప్రయోగశాలలో మోకాటి చిప్పకు పందిరి యగుచున్నది.

రోగిపై పరీక్ష: రెండు తీర్పులు

ఇంతవరకు చెప్పినది గాజుపాత్రలోని కథ. మనుష్యుని యెముక విషయమున నేమి తేలినది? ఇచ్చట మేము ఇరుపక్షముల సాక్ష్యమును నిష్పక్షపాతముగా చెప్పవలెను.

బ్రెజిలు దేశమున లూయిజ్ దువార్తే 1983లో కుందేళ్ళ విరిగిన యెముకలపై మృదువైన అతిధ్వనిని ప్రయోగించి త్వరగా అతుకుట చూచెను. 1994లో హెక్మన్ ప్రభృతులు అమెరికాలో 67 కాలియెముక విరుగుళ్ళపై పరీక్ష చేసి, అతిధ్వని పొందినవి సగటున 96 దినములలోను, పొందనివి 154 దినములలోను అతికినవని ప్రకటించిరి. 1997లో మణికట్టు ఎముక విషయమున 61 దినములు, 98 దినములు అను లెక్క వచ్చినది. 1994లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ క్రొత్తగా విరిగిన కొన్ని యెముకలకును, 2000లో అతుకని యెముకలకును ఆ పరికరమును వాడుట కనుమతి యిచ్చినది. ఇది యనుకూల సాక్ష్యము.

తరువాత పెద్ద పరీక్ష జరిగినది. ఉత్తర అమెరికాలోని 43 వైద్యకేంద్రములలో 501 మంది రోగులపై చేసిన ఆ పరీక్షలో కొందరికి నిజమైన పరికరమును, కొందరికి శబ్దము చేయని మారు పరికరమును ఇచ్చిరి. ఎవరికి ఏది యందినదో రోగికి తెలియదు, వైద్యునికి తెలియదు. 2016లో ఫలితము వెలువడినది: కాలియెముక విరిగి లోన కడ్డీ వేయబడినవారిలో అతిధ్వని వలన మరల పనిపాటలకు మరలుటలో గాని, ఎముక అతుకుటలో గాని తేడా కనబడలేదు. 2017లో బ్రిటిషు మెడికల్ జర్నలు ద్వారా ఒక నిపుణబృందము విరిగిన యెముకలకు దీనిని వాడవలదని దృఢముగా సలహా యిచ్చినది. 2018లో ఇంగ్లండునందలి నైస్ సంస్థ, సులభముగా అతుకదగిన యెముకలకు దీనిని వాడరాదనియు, చాలకాలము అతుకని యెముకల విషయమున సాక్ష్యము చాలదు గనుక ప్రత్యేక నిబంధనలతో, రోగికి అంతయు తెలిపి మాత్రమే వాడవలెననియు చెప్పినది.

మా పాఠకుని కుమారుని స్థితి యీ కడపటి తరగతిలోనిది. అనగా తలుపు పూర్తిగా మూయబడలేదు, తెరచియు లేదు.

గాజుపాత్రలో నిజమైనది దేహమున నేల తప్పిపోయినది? దీనికి ముఖ్యకారణము కొలత యని మా నమ్మకము. ఎముకకు వాడిన ఆ మృదువైన అతిధ్వని సెకనుకు 15 లక్షల కంపనములు గలది. సెకనుకు వేయి తునుకలుగా, అయిదింట నొకవంతు కాలము మాత్రమే మ్రోగును. చదరపు సెంటీమీటరుకు 30 మిల్లీవాట్ల బలము. దినమునకు 20 నిమిషములు. ఇది యొక మోతాదు. కాని ప్రయోగశాలలలో ప్రతివారును తమ తోచిన మోతాదు వాడిరి. పైగా పాత్ర అడుగునుండి పంపిన తరంగము ద్రవపు పైభాగమున గాలిని తాకి వెనుకకు మరలును. పోవు తరంగము, వచ్చు తరంగము కలిసి, ఒకచోట రెట్టింపు బలమును, అర మిల్లీమీటరు కంటె తక్కువ దూరములోనే శూన్యమును కల్పించును. ప్లాస్టికు పాత్ర వేడెక్కును. అప్పుడు కణము పెరిగినది శబ్దము వలననా, వేడిమి వలననా? పరికరముపై వ్రాసిన అంకెకును, కణమునకు నిజముగా అందిన బలమునకును సంబంధము లేకపోవచ్చును. తూకపురాయి సరిగాలేని అంగడిలో బేరము చేసినట్లు, ఏండ్ల తరబడి పరిశోధనలు ఒకదానితో నొకటి పొసగక పోయినవి.

లేఖకు మా బదులు

మొదట మా పాఠకునికి: ఇల్లు తాకట్టు పెట్టవలదు.

కారణములు వినుడు. బస్తీలలోని ఫిజియోథెరపీ కేంద్రములలో నొప్పులకు వాడు అల్ట్రాసౌండు యంత్రమును, ఎముకకై అనుమతి పొందిన యంత్రమును ఒకటి కావు. మొదటిదాని బలము తరచుగా రెండవదానికి ముప్పది రెట్లకు మించును. పేరొకటే యని భ్రమపడరాదు. మూలకణముల సూది విషయమున భారత వైద్యపరిశోధనా మండలి 2017లో ప్రకటించిన మార్గదర్శక సూత్రములు స్పష్టముగా నున్నవి: రక్తవ్యాధులకు చేయు మార్పిడి తప్ప, తక్కిన మూలకణ చికిత్సలను అనుమతి పొందిన పరీక్షలలో భాగముగా తప్ప చేయరాదు. పరీక్ష యైనచో రోగియొద్ద సొమ్ము తీసికొనుట న్యాయము కాదు. “ఇది పరీక్షయా, వైద్యమా? పరీక్షయైన భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని సంఖ్య యేమి?” అని యడుగుడు. బదులు రానిచో లేచి వచ్చివేయుడు.

ఎముక అతుకకుండుటకు కారణము కణముల నిద్ర మాత్రమే కాదు. లోన చీము పట్టియుండవచ్చును, కడ్డీ సడలియుండవచ్చును, మధుమేహము, పొగాకు రెండును ఎముకకు శత్రువులు. వీనిని ముందుగా పరీక్షింపవలెను. కార్మికునకు ఈఎస్ఐ హక్కు కలదు. 1948 నాటి చట్టమది. సనత్‌నగరు ఈఎస్ఐ ఆసుపత్రి గాజులరామారమునకు దూరము కాదు. నిమ్స్ కలదు, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులు కలవు. పుత్తూరు కట్టునకు పోవుదమా యని ఇంటిలోని పెద్దలు తలపోయుచుండవచ్చును. లోన కడ్డీ యున్న కాలికి, చీము సంగతి తేలకముందు, కట్టు కట్టించుట అపాయము. యజమాని కుమారుని పేర ఈఎస్ఐ చందా కట్టలేదని తేలినచో, ఆ తప్పు యజమానిది గాని కుమారునిది కాదు. ఆ హక్కుకై పోరాడుటలో మా పత్రిక మీ పక్షముననే యుండును.

మన కర్తవ్యము

ఇక సమాజమునకు, ప్రభుత్వములకు మా మనవి. దీనిని నిషేధించి యూరకుండుట సోమరితనము; బజారునకు వదలివేయుట ద్రోహము. మూడవ మార్గము పరిశోధన.

గాజులరామారమునుండి మేడ్చలు మీదుగా శామీరుపేట వరకు నున్న భూభాగమును చూడుడు. ఒకవైపు జీడిమెట్ల, బాలానగరు యంత్రశాలలు; 1968లో స్థాపితమైన కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థ బాలానగరుననే యున్నది. మరియొకవైపు శామీరుపేట చెంత తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ, జవహరునగరులో 2008లో నెలకొన్న బిట్స్ విద్యాలయము. కొంచెము పడమట సుల్తానుపురమున వైద్యపరికరముల పార్కు, కందిలో ఐఐటీ. ఇన్ని యుండియు ఇవి యొకదాని ముఖ మొకటి చూడకున్నవి. లేతు మిషనుపై వెంట్రుక మందమున ఇనుమును చెక్కగల చేయి గాజులరామారమున నున్నది. కణమును పెంచగల చేయి శామీరుపేటలో నున్నది. వాని నడుమ పట్టుమని ముప్పది మైళ్ళు లేవు. ఒకప్పుడు క్షిపణులకై చేసిన తేలికపాటి పదార్థముతో అబ్దుల్ కలాము గారు, నిమ్స్ వైద్యులు కలిసి పోలియో పిల్లలకు కాలి ఊతములు చేయించలేదా? ఆనాడు కిలోల బరువు గ్రాములకు దిగెను. అట్టి కలయిక మరల కావలెను.

మేము కోరునది నాలుగు పనులు. మొదటిది కొలత. ఏ సంస్థ చేసిన అతిధ్వని ప్రయోగమైనను దాని బలమును ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ప్రమాణముతో సరిచూచు కేంద్రమొకటి మన రాష్ట్రములలో నెలకొనవలెను. వాల్తేరు వారసత్వమునకు తగిన పని యిది. రెండవది పరికరము. విదేశపు పరికరమును కొనిపెట్టి సామాన్యునికి అందదని విచారించుటకంటె, కొలతకు నిలుచు స్వదేశీ పరికరమును ఈ యంత్రశాలలలోనే చేయింపవలెను; విశాఖపట్టణపు మెడ్‌టెక్ జోను అందుకు తోడుపడవచ్చును. మూడవది పరీక్ష. ప్రభుత్వాసుపత్రులలో ఏండ్ల తరబడి యెముక అతుకక పడియున్న కార్మికులు, రైతులు ఎందరో కలరు. వారి సమ్మతితో, వారికి ఖర్చు లేకుండ, మారు పరికరముతో పోల్చుచు, ఫలితము అనుకూలమైనను ప్రతికూలమైనను ప్రకటింపబడు పరీక్ష యొకటి జరుగవలెను. క్రొత్త విరుగుళ్ళపై పెద్ద పరీక్ష జరిగినది. అతుకని యెముకలపై అంతటి పరీక్ష యింకను కావలసియున్నది. ఆ లోటు తీర్చుట మన కెందుకు తగదు?

నాలుగవది నీతి. ఈ మాట చెప్పుటకు మాకు సిగ్గగుచున్నది, కాని చెప్పక తప్పదు. ఇదే అతిధ్వని యంత్రము మన దేశమున తల్లికడుపులోని యాడుశిశువు జాడ తీయుటకు వాడబడెను. 1994లో చట్టము చేయవలసివచ్చినది. 1996లో అమలునకు వచ్చి 2003లో సవరింపబడినది. అయినను 2001, 2011 జనగణనల నడుమ ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వేయిమంది మగపిల్లలకు ఆడుపిల్లల సంఖ్య 961 నుండి 940 దరికి దిగజారినది. స్ఫటికమునకు పాపము లేదు, పుణ్యము లేదు. లాంజెవిన్ చేతిలో అది యుద్ధసాధనము. తల్లి క్షేమము చూచు వైద్యురాలి చేతిలో వరము. లోభి చేతిలో కసాయికత్తి. రేపు కణములను మేల్కొల్పు పేర వచ్చు యంత్రమునకును ఇదియే గతి పట్టకుండ, వైద్యపరికరముల నిబంధనలు 2017లో వచ్చినవి గదా, వానిని కాగితముపై నుంచక బస్తీలలోని గల్లీలలో నమలు జరుపుడని ఔషధ నియంత్రణాధికారులను కోరుచున్నాము. గోడలపైని ప్రకటనలు చదువుటకు వారికి సూక్ష్మదర్శిని యక్కరలేదు.

ఇందుకు ధనమెక్కడిదని యడుగువారు కలరు. బాలానగరున 1960లలో నెలకొన్న ఐడీపీఎల్ కథ వారికి జ్ఞాపకము చేయుచున్నాము. అది నష్టముల పాలై మూతపడినదని యెల్లరును చెప్పుదురు. కాని అచ్చట పని నేర్చినవారు, అంజిరెడ్డి గారు మొదలగువారు, బయటికి వచ్చి హైదరాబాదును ఔషధముల రాజధానిగా చేసిరని కొందరే చెప్పుదురు. ప్రజాధనముతో పెట్టిన విద్య లెక్కపుస్తకములో నష్టముగా కనబడి, దేశములో లాభముగా పండుట మనము కన్నులార చూచితిమి.

లేఖ వ్రాసిన తండ్రికి మరల నొకమాట. మీ కుమారుని కణములు నిద్రపోవుచున్నవో లేదో మేము చెప్పజాలము; అది పరీక్షించి చెప్పవలసినవారు ఎముకల వైద్యులు. కాని మిమ్ము ఇల్లు తాకట్టు పెట్టవలసిన స్థితికి తెచ్చిన మా నిద్ర, పత్రికలవారి నిద్ర, పాలకుల నిద్ర, విద్యావంతుల నిద్ర యున్నదే, దానిని మేల్కొల్పుటకు మీ లేఖయే చాలినది. మీ రింటి పత్రములను పెట్టెలో భద్రముగా నుంచుడు. సోమవారము ఉదయమున కుమారుని తీసికొని, ఎక్స్‌రే ఫొటోలన్నియు వెంటబెట్టుకొని, ఈఎస్ఐ ఆసుపత్రికి పొండు. వారేమనిరో మాకు వ్రాయుడు; ఈ విషయమును మేము విడువము.